పాత సెయిల్‌బోట్‌లో వాటర్ హీటర్ కారుతోంది, రిపేర్ చేయించాలా, కొత్తది వేయాలా?

బెర్క్‌లీ_తెరచాప

అందరికీ నమస్కారం. మనవాళ్లలో పడవలు ఉన్నవాళ్లు ఎంతమందో తెలీదు, అయినా అడిగి చూద్దామని రాస్తున్నా. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో మాకొక కాటలీనా 30 సెయిల్‌బోట్ (తెరచాప పడవ) ఉంది. 1984లో కట్టింది, యూనివర్సల్ డీజిల్ ఇంజన్. దాంతోపాటు వచ్చిన వాటర్ హీటర్ 6 గ్యాలన్లది, అంటే దాదాపు 23 లీటర్లు. కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూచునే చోటు) లాకర్ అడుగున, ఇంజన్ పక్కన, మనిషి తలకిందులుగా దూరితే తప్ప చెయ్యి అందని చోట ఉంది. పడవ కొన్నప్పటి నుంచీ అదే నడుస్తోంది, వయసెంతో పాత ఓనరుకే తెలీదు. పైన రేకు మీద పేరు చెరిగిపోయింది.

ఇప్పుడు సంగతేంటంటే, షోర్ పవర్ (రేవు నుంచి తీసుకునే కరెంటు) మీద హీటర్ వేసిన రోజల్లా బిల్జ్‌లో, అంటే పడవ అట్టడుగున, నీళ్లు చేరుతున్నాయి. నాలిక మీద వేసుకుని చూశా, ఉప్పు లేదు, మంచినీళ్లే. హీటర్ కాళ్ల దగ్గర తుప్పు మరక కూడా కనిపిస్తోంది. దీనికి తోడు మెరీనాలో ఈ మధ్యే కరెంటు పెడెస్టల్స్ (పడవలకి కరెంటు ఇచ్చే స్తంభాలు) కొత్తవి పెట్టారు, అప్పటి నుంచి హీటర్ బ్రేకర్ వేస్తే ఒక్కోసారి పెడెస్టల్ ట్రిప్ అయిపోతోంది. పాత పెడెస్టల్‌తో ఎప్పుడూ ఇలా కాలేదు. ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో గానీ, ఇంజన్ కూలెంట్ ఓవర్‌ఫ్లో సీసా నేను పోయకపోయినా నిండుతోంది.

ఇక్కడ ఒక బోట్‌యార్డ్ వాళ్లని పిలిస్తే హీటర్ వైపు కనీసం టార్చి వేసి చూడకుండా మొత్తం మార్చాలన్నారు, చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. బే ఏరియాలో వేసవి అంటే పేరుకే, జులైలో కూడా సాయంత్రం స్వెట్టర్ వేసుకోవాలి. వేణ్ణీళ్లు లేకపోతే రాత్రి పడవలో ఉండేది లేదని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. చేతిపని అలవాటే, కానీ ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లేదు.

చీఫ్_వైజాగ్

తమ్ముడూ, ముందు పర్సు జేబులోనే పెట్టు. నేను మర్చంట్ నేవీలో ఇంజనీర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఓడల్లో దీన్ని కెలోరిఫయర్ అంటాం, సైజు పెద్దది గానీ లోపల యవ్వారం అంతా ఒకటే. నువ్వు ఒక జబ్బు అనుకుంటున్నావు గానీ నువ్వు రాసినవి మూడు లక్షణాలు, మూడింటికీ కారణం ఒకటే కానక్కర్లేదు. విడివిడిగా పట్టుకోవాలి.

మొదట బిల్జ్‌లో నీళ్లు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకి వెళ్తే సుమారు 2 శాతం పెరుగుతాయి. నీ 23 లీటర్ల ట్యాంకులో అది దాదాపు అర లీటరు. ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి? చల్లనీళ్లు వచ్చే దారిలో చెక్ వాల్వ్ ఉంటుంది, అది వెనక్కి పోనివ్వదు. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి. ఇక మిగిలింది ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ ఒక్కటే, అక్కడి నుంచి కారుతుంది. అంటే హీటర్ వేసిన ప్రతిసారీ అర లీటరు దాకా బిల్జ్‌లోకి వచ్చిందంటే అది జబ్బే కాదు, ఆ వాల్వ్ తన పని తాను చేస్తోంది. ఆ వాల్వ్ మూతికి ఒక చిన్న ట్యూబ్ తొడిగి, చివర సీసాలో పెట్టి, హీటర్ వేసి వదిలెయ్. సీసాలో అర లీటరు లోపు నీళ్లుండి మిగతా చోటంతా పొడిగా ఉంటే ట్యాంకు జోలికి పోకు. చెక్ వాల్వ్ దాటాక హీటర్ వైపు ఒకటో రెండో లీటర్ల ఎక్యుములేటర్ (పెరిగిన నీళ్లకి చోటిచ్చే చిన్న గాలి ట్యాంకు) పెట్టుకో, ఆ కారడం ఆగిపోతుంది.

సీసా పొంగిపోయినా, హీటర్ ఆపాక కూడా చుక్కలు పడుతున్నా వాల్వ్ పోయినట్టు. దాని పిడి ఒకసారి ఎత్తి వదిలి చూడు, లోపల సున్నం పట్టి ఉంటే సరిగా కూచోదు. అదే రేటింగు ఉన్నది కొని బిగించు, చాలా మెరైన్ హీటర్లకి 75 పీఎస్‌ఐ (పీడనం కొలత) ఉంటుంది, పాత వాల్వ్ మీద రాసి ఉంటుంది చూసుకో. కారుతోంది కదా అని దానికి ప్లగ్గు కొట్టేవాళ్లని చూశాను. పొరపాటున కూడా ఆ పని చెయ్యకు. థర్మోస్టాట్ ఇరుక్కుపోయిన రోజున ఆ ట్యాంకు బాంబే.

రెండోది కూలెంట్ సీసా నిండడం. నీకు సంబంధం ఉందో లేదో తెలీదన్నావే, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది అదే. ఇంజన్‌లోంచి వేడి కూలెంట్ హీటర్ లోపలున్న చుట్ట గొట్టంలో తిరిగి మళ్లీ ఇంజన్‌కి వెళ్తుంది కదా. ఆ గొట్టానికి చిల్లు పడిందనుకో. నీ మంచినీళ్ల పంపు 40, 45 పీఎస్‌ఐ కొడుతుంది. కూలెంట్ వైపు మూత సాధారణంగా 15 పీఎస్‌ఐ లోపలే తెరుచుకుంటుంది. కాబట్టి పంపు నడుస్తున్నంత సేపూ మంచినీళ్లు కూలెంట్‌లోకి దూరి, ఓవర్‌ఫ్లో సీసా నింపుతాయి. పంపు కట్టేసి ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు తిరగబడుతుంది, కూలెంట్ మీ తాగునీళ్లలోకి వస్తుంది. మామూలు పచ్చ కూలెంట్ ఎథిలీన్ గ్లైకాల్, విషం, పైగా తియ్యగా ఉంటుంది కాబట్టి నాలికకి తెలిసేలోపే లోపలికి పోతుంది. ఇది తేలేదాకా వేడి కుళాయి నీళ్లు నోట్లో పెట్టుకోకండి, పళ్లు కూడా తోముకోవద్దు. బిల్జ్ నీళ్లు నాలిక మీద వేసుకోవడం కూడా మానెయ్.

తేల్చుకోవడం సులువు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హీటర్ నుంచి రెండు కూలెంట్ గొట్టాలూ ఊడదీసి, ఆ రెంటినీ ఒక ఇత్తడి జాయినర్‌తో ఒకదానికొకటి కలిపెయ్. ఇంజన్ మామూలుగా నడుస్తుంది, హీటర్ బయటికొచ్చేసింది. ఇప్పుడు మంచినీళ్ల పంపు వేసి, హీటర్‌కి మిగిలిన ఆ రెండు ఖాళీ మూతుల కింద టిష్యూ పేపర్ పెట్టు. లోపలున్న పాత కూలెంట్ కాస్త కారుతుంది, అది తుడిచెయ్. ఆ తర్వాత కూడా అరగంటలో పేపర్ మళ్లీ తడిసిందంటే చుట్ట పోయింది. చుట్ట పోతే హీటర్ పోయినట్టే, దానికి వెల్డింగ్ అదీ అని ఎవరైనా చెబితే నమస్కారం పెట్టి వచ్చెయ్.

మూడోది పెడెస్టల్. కొత్త పెడెస్టల్స్‌లో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే చాలు ట్రిప్ అవుతాయి, పాతవి దాన్ని పట్టించుకునేవి కాదు. అంటే నీ హీటర్ ఎలిమెంట్ చాలా కాలంగా లీకవుతూనే ఉండొచ్చు, ఇప్పుడు పట్టుబడింది. షోర్ కేబుల్ మొత్తం పీకేసి, ఎలిమెంట్ రెండు తీగలూ విప్పి మల్టీమీటర్ పెట్టు. 120 వోల్టుల 1500 వాట్ల ఎలిమెంట్ అయితే రెండు కాళ్ల మధ్య 9.6 ఓమ్‌లు రావాలి, 1250 వాట్లదైతే పదకొండున్నర. ఏదో ఒక కాలికీ ట్యాంకు బాడీకీ మధ్య మాత్రం ఏమీ రాకూడదు. అక్కడ ఏ రీడింగ్ వచ్చినా ఎలిమెంట్ తొడుగు పగిలి లోపల తడి చేరినట్టే. మల్టీమీటర్‌కి దొరక్కపోతే మెగ్గర్‌కి (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) దొరుకుతుంది. మెరీనా నీళ్లలో ఎవరైనా దిగి ఉంటే ఆ లీకు ప్రాణం తీయొచ్చు, అందుకని పెడెస్టల్ వాడి మీద చిరాకు పడకు.

అన్నాపొలిస్_అమ్మాయి

చీఫ్ గారు చెప్పాక కొత్తగా చెప్పడానికి పెద్దగా ఏం లేదండీ. మేం చెసపీక్ బేలో మా పాత పడవకి హీటర్ మార్చాం కాబట్టి, ఒకవేళ మార్చాల్సే వస్తే పనికొచ్చేవి రాస్తున్నా. కాటలీనా 30 అమెరికాలో ఆరు వేలకు పైగా కట్టారు, మీకొచ్చిన సమస్య ఇంకెవరికో వచ్చే ఉంటుంది. మీ డాక్‌లో ఇంకో కాటలీనా ఉంటే ముందు వాళ్ల లాకర్లోకి తొంగి చూడండి.

కొత్త హీటర్ ఏ కంపెనీది అన్నది రెండో సంగతి, అసలు లాకర్ మూతలోంచి పడుతుందా లేదా అన్నది మొదటిది. పాత పడవల్లో హీటర్ పెట్టాక పైన డెక్కు వేసినట్టుంటుంది కొన్నిచోట్ల. నచ్చిన మోడల్ కొలతలు తీసుకుని అంతే సైజులో ఒక అట్టపెట్టె చేసి, దాన్ని లాకర్లోంచి దింపి, మలుపు తిప్పి, ఆ చోట కూర్చోబెట్టి చూడండి. ఫిట్టింగులు ఏ వైపు వస్తాయో కూడా పెట్టె మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే పెట్టె పట్టినా మోచేతి ఫిట్టింగుకి రెండంగుళాలు లేక ఆగిపోయే రకాలుంటాయి. పాతవి చతురస్రంగా ఉంటే కొత్తవాటిలో చాలా వరకు గుండ్రంగా, పీపాలా వస్తున్నాయి, కాళ్ల కొలత కూడా కలవదు, కింద ప్లైవుడ్ ముక్క ఒకటి వేసుకోవాల్సి ఉంటుంది.

పాతది తీసేముందు బ్రేకర్ ఆపి, దాని మీద టేపు వేసి "వేయొద్దు" అని రాయండి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ వెలిగితే నిమిషాల్లో మాడిపోతుంది. తర్వాత పంపు ఆపి, ఒక వేడి కుళాయి తెరిచి ఉంచితేనే గాలి లోపలికెళ్లి నీళ్లు దిగుతాయి. డ్రెయిన్ కాక్ సున్నంతో పూడుకుపోయి ఉంటే తీగ ముక్కతో కెలకండి. నిండు ట్యాంకు ఎత్తడానికి ప్రయత్నించొద్దు, నీళ్లే 23 కేజీలుంటాయి.

ట్యాంకు దేనితో చేశారో తప్పకుండా అడగండి. అల్యూమినియం ట్యాంకుకి ఇత్తడి మోచేయి నేరుగా బిగిస్తే రెండు లోహాల మధ్య తినేయడం మొదలవుతుంది, మధ్యలో ప్లాస్టిక్‌దో స్టెయిన్‌లెస్‌దో ఒక ముక్క ఉండాలి. మీ కాళ్ల దగ్గర తుప్పు మరక అన్నారే, అది ట్యాంకుదా, బయటి రేకుదా, స్క్రూలదా చూడండి, చాలాసార్లు స్క్రూలే. స్టీలు ట్యాంకుకి గ్లాస్ లైనింగ్ ఉన్నదైతే లోపల మెగ్నీషియం రాడ్డు ఉంటుంది, ఇంట్లో గీజర్‌లో ఉండేదే. దాన్ని ఏడాదికోసారి తీసి చూడాలి, తీయడానికి పైన చోటు వదలాలి, ఆ చోటు వదలకుండా బిగించేసి తర్వాత బాధపడేవాళ్లు చాలామంది. మేం ఐసోటెంప్ కంపెనీ స్టెయిన్‌లెస్ హీటర్ వేశాం, రాడ్డు గోల లేదు, ధర మాత్రం ఎక్కువ.

మిక్సింగ్ వాల్వ్ ఉన్న మోడల్ తీసుకోండి. ఎలిమెంట్‌కి థర్మోస్టాట్ ఉంటుంది గానీ ఇంజన్ నుంచి వచ్చే వేడికి ఏ థర్మోస్టాటూ అడ్డు రాదు, కూలెంట్ 75, 80 డిగ్రీలుంటే నీళ్లూ దాదాపు అక్కడిదాకా వెళ్తాయి. పిల్లలు షవర్ కింద నిలబడితే చర్మం ఊడుతుంది. మిక్సింగ్ వాల్వ్ ఉంటే అదే నీళ్లు చల్లనీళ్లతో కలిసి ఎక్కువ స్నానాలకి వస్తాయి కూడా.

టెక్సాస్_గాలి

ఇంత తతంగం ఎందుకు బ్రదర్, ఆన్‌లైన్‌లో గ్యాస్ ఇన్‌స్టంట్ హీటర్లు దొరుకుతున్నాయి, క్యాంపింగ్‌వి, హీటర్‌లో సగం రేటు కూడా ఉండదు. గోడకి తగిలించి సిలిండర్ కనెక్ట్ చేస్తే చాలు.

చీఫ్_వైజాగ్

టెక్సాస్ బాబూ, ఆ క్యాంపింగ్ హీటర్ డబ్బా మీదే ఆరుబయట మాత్రమే వాడాలని రాసి ఉంటుంది, చదువు. పొగ బయటికి పోయే దారి లేని గ్యాస్ హీటర్ క్యాబిన్‌లో పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టుంటుంది, అంతే. మన ఊళ్లలో బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ పెట్టుకుని ప్రాణాలు పోయిన వార్తలు ఎన్నిసార్లు చదవలేదు? పైగా ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే ఇంట్లోలా కిటికీలోంచి పోదు, దిగి బిల్జ్‌లో కూచుంటుంది, బిల్జ్ పంపు స్విచ్ నిప్పురవ్వ చాలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

టెక్సాస్_గాలి

ఓకే సర్, అర్థమైంది. మాది చెరువులో తిరిగే చిన్న పడవ, నేనైతే నల్లటి ప్లాస్టిక్ షవర్ సంచిలో నీళ్లు పోసి డెక్కు మీద ఎండలో పడేస్తా, మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి. బే ఏరియా పొగమంచులో అది పని చేస్తుందో లేదో మీకే తెలియాలి.

మిషిగన్_మంచు

చలి ప్రాంతం వాళ్లకోసం ఒక ముక్క. బెర్క్‌లీలో గడ్డకట్టే చలి ఉండదు కాబట్టి ఆయనకి అక్కర్లేదు గానీ ఇది చదివే వేరేవాళ్లకి పనికొస్తుంది. మా దగ్గర చాలా హీటర్లు వయసైపోయి చావవు, అక్టోబర్‌లో ఓనర్ చేసిన అశ్రద్ధకి చస్తాయి. నీరు గడ్డకడితే 9 శాతం పెరుగుతుంది, ఏ ట్యాంకూ ఆగదు. ట్యాంకు పూర్తిగా దింపేసి, చల్లనీళ్ల గొట్టాన్నీ వేణ్ణీళ్ల గొట్టాన్నీ కలిపి హీటర్‌ని పక్కకి తప్పించి, అప్పుడు పింక్ యాంటీఫ్రీజ్ (తాగునీళ్ల గొట్టాలు గడ్డకట్టకుండా వాడే, విషం కాని రకం) పంపాలి. ఇలా బైపాస్ చేయకపోతే ఆరు గ్యాలన్ల యాంటీఫ్రీజ్ ఊరికే ట్యాంకు నింపడానికే పోతుంది, వసంతంలో ఆ వాసన వదిలించుకోలేక చావాలి. మూడు వాల్వులున్న బైపాస్ కిట్లు దొరుకుతాయి, హీటర్ మార్చేటప్పుడే వేయించుకుంటే మళ్లీ మళ్లీ లాకర్లో తలకిందులు కానక్కర్లేదు. లోపలి కూలెంట్ చుట్ట సంగతి మర్చిపోవద్దు, అందులో కూలెంట్ బదులు ఉత్త నీళ్లు ఎక్కువైతే అదీ పగులుతుంది.

బెర్క్‌లీ_తెరచాప

చీఫ్ గారూ, అందరికీ థాంక్స్. శనివారం లాకర్లో దూరాను. రిలీఫ్ వాల్వ్ సీసాలో అర లీటరు కూడా రాలేదు, అంటే బిల్జ్ నీళ్లలో ఎక్కువ భాగం అదే. తుప్పు మరక అన్నాపొలిస్ గారు చెప్పినట్టు స్క్రూలదే, ట్యాంకు అడుగు గట్టిగానే ఉంది. అంతవరకు సంతోషించా. తర్వాత కూలెంట్ గొట్టాలు తీసి టిష్యూ పెట్టి పంపు వేశా. పై మూతి పొడిగా ఉంది. కింది మూతి అంచున మాత్రం లేత పచ్చ రంగు చుక్క ఒకటి పేరుకుంది, తుడిస్తే మళ్లీ వచ్చింది, ఈసారి రంగు లేదు, ఆ తర్వాత వచ్చినవన్నీ శుభ్రమైన నీళ్లే. చుట్ట పోయిందని తేలింది. ఎలిమెంట్‌కీ బాడీకీ మధ్య కూడా మీటర్ కొన్ని వేల ఓమ్‌లు చూపించింది, అదీ పోయింది. కాబట్టి కొత్తదే.

మూడు డౌట్లు. ఇప్పుడు దొరికే వాటిలో కొన్ని 1500 వాట్లు, కొన్ని 750 వాట్లు ఉన్నాయి, ఏది మంచిది? ఇన్వర్టర్ పెట్టి బ్యాటరీ మీద కూడా వేడి చేసుకోవచ్చా? ఈలోగా ఇంజన్ కూలెంట్‌ని ఏం చేయాలి?

అన్నాపొలిస్_అమ్మాయి

23 లీటర్లని 15 నుంచి 60 డిగ్రీలకి తీసుకెళ్లడానికి సుమారు 1.2 యూనిట్ల కరెంటు కావాలండీ. 1500 వాట్లదైతే ముప్పావు గంట పైన, 750 వాట్లదైతే గంటన్నర దాటుతుంది. కానీ 1500 వాట్లది ఒక్కటే 12న్నర ఆంపియర్లు లాగుతుంది. మీకు 30 ఆంపియర్ల షోర్ పవర్ ఉంటే, దాంతోపాటే బ్యాటరీ చార్జర్, గది హీటర్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. చలికాలం గది హీటర్ వాడతారు కాబట్టి నా ఓటు 750కే. సాయంత్రం డాక్‌కి చేరేసరికి ఇంజన్ వేడితోనే నీళ్లు కాగి ఉంటాయి, ఎలిమెంట్ పని పొద్దున స్నానానికి మాత్రమే.

ఇన్వర్టర్ ఆలోచన వద్దు. 1.2 యూనిట్లంటే 12 వోల్టుల బ్యాటరీలోంచి 100 ఆంపియర్ అవర్ల పైమాటే, మామూలు లెడ్ బ్యాటరీలు రెండున్నా ఒక్క స్నానానికి సగం ఖాళీ. లిథియం బ్యాంకు, సోలార్ ఉన్నవాళ్లు చేస్తారు, అది వేరే ఖర్చు, తడిసి మోపెడవుతుంది. లంగరేసి ఉన్నప్పుడు అరగంట ఇంజన్ నడిపితే సరిపోతుంది.

చీఫ్_వైజాగ్

కూలెంట్ మొత్తం దించెయ్. ఇన్నాళ్లూ మంచినీళ్లు కలిసి అది పల్చబడి ఉంటుంది, తుప్పు రాకుండా ఆపే మందు కూడా అందులో పల్చబడినట్టే. ఒకసారి నీళ్లతో కడిగి, ఇంజన్ మాన్యువల్‌లో చెప్పిన పాళ్లలో కొత్తది పోసుకో. దించిన కూలెంట్ బిల్జ్‌లోకి వదలకు, మెరీనాలో పాత నూనె తీసుకునే చోటే అదీ ఇవ్వు. హీటర్ వచ్చేదాకా ఆ ఇత్తడి జాయినర్‌తోనే ఇంజన్ వాడుకో, ఏమీ కాదు.

కొత్తది బిగించాక గాలి తీయడం మర్చిపోకు. హీటర్ గనక ఇంజన్ కూలెంట్ మూత కన్నా ఎత్తులో ఉంటే చుట్ట పైభాగంలో గాలి ఇరుక్కుంటుంది, ఇంజన్ వేడెక్కుతుంది గానీ నీళ్లు చల్లగానే ఉంటాయి, చాలామంది హీటర్ పాడని తిరిగి పంపించేస్తారు. పై గొట్టం క్లాంపు వదులు చేసి, బుడగలు ఆగి కూలెంట్ వచ్చేదాకా పోసి, అప్పుడు బిగించు. ఇంజన్ ఓ పావుగంట నడిపి రెండు గొట్టాలూ చేత్తో ముట్టుకుని చూడు, వెళ్లేదీ వచ్చేదీ రెండూ వేడిగా ఉండాలి. ఒకటే వేడిగా ఉందంటే గాలి ఇంకా ఉందన్నమాట, చల్లారాక మళ్లీ తియ్యి. గొట్టాలు కూడా కొత్తవే వెయ్యి, 316 స్టెయిన్‌లెస్ క్లాంపులు ఒక్కో చివర రెండు చొప్పున, వేడి కూలెంట్ గొట్టం ఊడితే ఇంజన్ గదంతా ఆవిరి, ఇంజన్ సీజ్.

మంచినీళ్ల ట్యాంకు, గొట్టాలు కూడా కడగాలి, కూలెంట్ ఆ వైపుకి ఎంత వెళ్లిందో చెప్పలేం. రెండు మూడుసార్లు నింపి పూర్తిగా దించేశాకే తాగండి. ఏ మోడల్ తీసుకున్నావో కొలతలతో సహా ఇక్కడ పెట్టు, ఇంకో కాటలీనా వాడికి అట్టపెట్టె పని తప్పుతుంది.